వెనక తలుపు

పని మొదలయ్యే వేళకు సమాధానం అనే కూలీ చేతిలో ఉన్నవి ఒక టార్చి, ఒక చేతివల, సాయంత్రం నాలుగున్నర దాకా గడువు. టార్చి సొంతం. వల రొయ్యపిల్లను పుట్టించే హేచరీది. గడువు మేనేజరు కరీముల్లా ఇచ్చింది.

తొట్టి అంచుకు మోకాళ్లు ఆనించి, వంగి, వలను నీళ్లలోకి మెల్లగా దించారు. గదికి కిటికీలు లేవు. తల్లి రొయ్యలకు పగలైనా చీకటే కావాలి. వెలుతురుకు బెదిరితే ఎగిరి గోడకు కొట్టుకుని చస్తాయి. అందుకే టార్చి అద్దానికి ఎర్ర గోళ్లరంగు పూసి ఉంది. పదేళ్ల కిందట కావలి బజారులో ఆ సీసా కొన్నప్పుడు అంగడాయన ఎవరికని అడిగాడు. రొయ్యలకని చెబితే పడీపడీ నవ్వాడు. అప్పటి నుంచి రంగు చెదిరినప్పుడల్లా ఆ అంగట్లోనే కొంటున్నారు. తనను చూసి కాక, తను చెప్పిన మాటకు నవ్విన మనుషులు జీవితంలో తక్కువ. అలాంటి అంగడిని ఎవరూ వదులుకోరు.

యాభై నాలుగేళ్ల మనిషి. పొడుగు. భుజాలు పలకలా ఉంటాయి, మెడ సన్నం. నెరిసిన జుట్టు చెవుల పైదాకా కత్తిరించి ఉంటుంది. రెండు చెవులకూ అమ్మ రెబెక్కమ్మ చిన్నప్పుడు కుట్టించిన పోగులు ఇంకా ఉన్నాయి. వేళ్ల కొసలు ఉప్పునీళ్లకు నాని తెల్లగా, మెత్తగా అయిపోయాయి. రొయ్య ముక్కు ముల్లు గుచ్చుకున్న మచ్చలు మాత్రం నల్లగా నిలబడ్డాయి.

వలలో పడ్డ రొయ్యను ఎడమచేత్తో వీపు మీద పట్టి, వెల్లకిలా తిప్పి, పొట్ట మీద ఎర్ర వెలుగు వేశారు. ఈతకాళ్ల మొదట్లో చిన్న ముడి. మగది. ఎడమ తొట్టిలోకి జారవిడిచారు. ఇంకొకటి. నడకకాళ్ల చివర పలక. ఆడది. కుడి తొట్టికి. ఒక్కొక్కదానికి రెండు క్షణాలు. నిన్న సాయంత్రం వచ్చిన కొత్త రొయ్యలు దాదాపు నాలుగు వందలు ఉంటాయి. వీటిని వేరుచేసే పని ఉండబట్టే ఈ ఒక్కరోజు గడువైనా దొరికింది. ఆ సంగతి సమాధానానికి తెలుసు. సరుకు దిగే రోజున కూలీని ఎవరూ తీసేయరు.

గోడ అవతల తాపీ చప్పుడు మొదలైంది. పంపులు చూసే మస్తానయ్యకు తాపీపని కూడా వచ్చు. వెనక తలుపు ఊడదీసి ఆ ఖాళీలో ఇటుకలు పేర్చడానికి పొద్దున్నే కూర్చున్నాడు.

పోయినేడు రోగం తగిలి హేచరీలో రొయ్యపిల్ల మొత్తం తెల్లబారి అడుక్కి చేరింది. తనిఖీకి వచ్చినవాళ్లు ప్లాను గీసి, ముద్ర వేసి ఇచ్చారు. తల్లి రొయ్యల గదిలోకి వచ్చేవాళ్లు ఇక మీదట ముందు స్నానం చేయాలి, బట్టలు మార్చాలి. అందుకు రెండు గదులు కట్టారు. ఒక తలుపు మీద స్త్రీలు అని, ఇంకొక తలుపు మీద పురుషులు అని పెయింటుతో రాయించారు. ఒక్కో గదిలో వరుసగా నాలుగు కుళాయిలు. మధ్యలో అడ్డు లేదు. రావడానికైనా పోవడానికైనా ఆ రెండు గదులే దారి. మూడో దారి ఉండకూడదు.

వెనక తలుపు సమాధానానికి దారి. ఇరవై రెండేళ్లుగా ఇంటి దగ్గర తడిక చాటున తెల్లవారకముందే నీళ్లు పోసుకుని, ఆ తలుపు దగ్గర చెప్పులు విడిచి, ఎర్రమందు నీళ్లలో పాదాలు ముంచి లోపలికి వచ్చేవారు. ఆ తలుపు మీద ఏమీ రాసి లేదు. అది తనదని ఎవరూ చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు. అడ్డు చెప్పకపోవడాన్ని హక్కు అనుకోవడమే తను చేసిన పొరపాటు. పోరంబోకులో గుడిసె వేసినవాడు కూడా అలాగే అనుకుంటాడు.

నిన్న కరీముల్లా గదిలో జరిగింది చిన్న మాటే. ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు కూడా.

"నిన్ను పొమ్మని నేను అనల్యా సమాధానం. రెండిట్లో ఒకటి చెప్పు. ఏది చెప్పినా రాసుకుంటా, నాకు రెండూ ఒకటే. ఫారంలో రెండే గళ్లు ఉండాయి."

"ఇరవై రెండేళ్లు నేను ఏ గడిలో ఉండా సార్?"

"ఏ గడిలోనూ లేవు. అప్పుడు ఫారమే ల్యా."

పంపుషెడ్డు పక్కన నాలుగు రేకులు పెట్టి ఒక స్నానాల గది కట్టుకుంటానని, ఇటుకలు తనే మోస్తానని సమాధానం బతిమాలారు. కరీముల్లా అక్కడికక్కడే ఎవరికో ఫోను చేసి అడిగాడు. అవతలి మాట విని పెట్టేశాడు. మూడో తలుపు కనబడితే ప్లాను చెల్లదట. రేపు సాయంత్రం నాలుగున్నరకు వెనక గోడ ఫొటో తీసి పంపాలి, ఆలోగా చెప్పమన్నాడు.

ఒకటి చెప్పడం కష్టమేమీ కాదు. సమాధానం రెండూ చెప్పి చూసిన మనిషి. ఇరవై ఏళ్లప్పుడు చొక్కా తొడుక్కుని, అన్న అనిపించుకుని, రెండు వేటకాలాలు బోటు మీద పనిచేశారు. ఒకరోజు చిక్కుపడ్డ వల విడదీయడానికి నీళ్లలో దిగితే తాళ్లకు చొక్కా చిరిగింది. ఛాతీ అందరి కంటా పడింది. ఒడ్డు చేరాక బట్టలన్నీ లాగి, పాలెమంతా పిలిచి చూపించారు. ఆ తరవాత చీర కట్టుకుని రొయ్యలు ఒలిచే షెడ్డులో అక్క అయ్యారు. అది ఎనిమిది నెలలు సాగింది. అక్కడా స్నానాల దగ్గరే తెగింది. ఈసారి బట్టలు లాగలేదు. రేపటి నుంచి రావద్దన్నారు, అంతే. రెండు బేరాల్లోనూ పెట్టిన మొదలు కూడా దక్కలేదు. మూడోసారి చీకటిగది దొరికింది. రొయ్యలు ఆడో మగో చెబితే చాలు, చెప్పేవాళ్ల సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు.

తొమ్మిది గంటలకు మగవాళ్ల గదిలోంచి సుశీల్ కుమార్ వచ్చాడు. కొత్త టెక్నీషియన్, కొడవలూరు వాడు. ఇరవై ఐదేళ్లుంటాయి. కాలేజీలో రొయ్యల చదువు చదివాడు. తల తడిగా ఉంది, కంపెనీ నీలం చొక్కా వీపుకు అతుక్కుంది. పని నేర్చుకోవాలని, సమాధానం గారంటే ఎవరని అడిగాడు. మనిషిని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. చూపు తిప్పుకుని వల అందుకున్నాడు.

సమాధానం వాడికి పట్టు నేర్పారు. గట్టిగా పట్టకూడదు. వదులుగా పట్టకూడదు. కళ్లు నీ వైపు ఉండాలి, ముల్లు బయటి వైపు ఉండాలి. వాడు మొదటి పది రొయ్యలకు నాలుగు తప్పు చెప్పాడు, తరవాతి పదింటికి ఒకటి. వేళ్లు బాగున్నాయి. సాయంత్రానికి పని వచ్చేస్తుంది. నేర్పుతూ ఉంటే సమాధానానికి తెలుస్తూనే ఉంది, తన చోటు తన చేతుల మీదుగానే వాడి చేతుల్లోకి పోతోందని. అయినా మాట దాచలేదు. సగం నేర్పితే చచ్చేవి రొయ్యలు.

మధ్యాహ్నం అన్నం గిన్నె తీసుకుని వెనక ఖాళీలోంచి బయటికి నడిచారు. రెండు వరుసలు పేర్చి ఉన్నాయి. మస్తానయ్య సిమెంటు చేత్తోనే సలాం కొట్టాడు.

"ఏం అన్నా, రేపటి నుంచి రోజూ నాతోనే. నా వీపు రుద్దేదానికి మనిషి దొరికినాడు."

"నీ వీపుకి మనిషి చాలడు, ఇటుకరాయి కావాల."

మస్తానయ్య గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఆగేలోపల సమాధానం అడిగేశారు, నిజంగానే మీ గదిలోకి వస్తే ఏమంటారని. తాపీ ఆగింది. మస్తానయ్య బోటు సంగతి నాడు కళ్లారా చూసినవాడు. అప్పటికి పదేళ్ల పిల్లవాడు. తను ఏమీ అనడట. కానీ ఆ గదిలో ఇప్పుడు అంతా కుర్రవాళ్లే. అందరి చేతుల్లోనూ ఫోన్లు.

"ఆ పొద్దు మాదిరి మళ్లా జరక్కుండా నేను కాయలేనన్నా" అని తలవంచుకుని ఇటుక మీద నీళ్లు చల్లాడు.

సరుగుడు చెట్ల నీడలో ఆడవాళ్లు అన్నాలు తింటున్నారు. వాళ్లకు పెద్ద ఉషారాణి. పద్నాలుగేళ్లుగా ఆమె తెచ్చే చేపల పులుసులో సమాధానానికి ఒక ముక్క ఉంటుంది. ఇవాళ కూడా అడగకుండానే వేసింది. ఆమె రెండో కాన్పుకు రక్తం ఎక్కించాల్సి వస్తే ఇచ్చింది సమాధానమే. ఆ మాట ఎత్తకూడదని అనుకుంటూనే కూర్చున్నారు. ఎత్తలేదు. అడగాల్సింది మాత్రం అడిగారు.

ఉషారాణి చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది. తనకు అభ్యంతరం లేదంది. కొత్తగా చేరిన పిల్లలున్నారు, వాళ్ల మొగుళ్లు ఊరుకోరు అంది. గొంతు తగ్గించింది.

"ఒక్క మాట చెప్పక్కా. నేను ఆడదాన్నేనని నువ్వు నోటితో చెప్పు. ఒట్టు పెట్టుకుని చెప్పు. వాళ్లందరికీ నేను సర్దిచెప్పుకుంటా."

"అది నిజం కాదు ఉషా."

"అయితే మగోడినని చెప్పి ఆ గదిలోకి పో."

"అదీ కాదు గదా."

"మరేందక్కా నువ్వు?"

పద్నాలుగేళ్లలో ఆమె ఆ మాట అడగడం అదే మొదలు. సమాధానం గిన్నె కడుక్కోవడానికి లేచారు. పుట్టినప్పుడు మంత్రసాని చెప్పలేకపోయింది. పదిహేడేళ్లప్పుడు పెద్ద డాక్టరు చూసి, రెండూ కొంచెం కొంచెం ఉన్నాయని, కోసి ఏదో ఒకటి చేద్దామని అన్నాడు. ఏదో ఒకటి ఎందుకు చేయాలని రెబెక్కమ్మ అడిగింది. నొప్పి లేదు, జబ్బు లేదు, బిడ్డ అన్నం తింటోంది అని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేసింది. ఆ అమ్మ పోయినప్పుడు లోపల ఆడవాళ్లు శవానికి స్నానం చేయించారు, బయట మగవాళ్లు పెట్టె మోశారు. సమాధానం గుమ్మంలో నిలబడ్డారు. చివరికి సమాధుల దొడ్డి దాకా గడ్డపార తీసుకెళ్లే పని దొరికింది. ఎవరూ అడ్డం రాని పని అదొక్కటే.

పేరు కూడా అమ్మే పెట్టించింది. ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా సరిపోయే పేరు చెప్పమని పాస్టరు గారిని అడిగిందట. బతుకు మొదలుపెట్టినప్పుడు చేతిలో ఉన్నది అదొక్కటే. అది మాత్రం ఇన్నేళ్లూ అరగలేదు.

నీడలోంచే చెల్లెలు ఆనందకుమారికి ఫోను చేశారు. చిట్టమూరులో ఆమెకు రెండు గదుల ఇల్లుంది. పని పోయేలా ఉందని చెబితే ఆమె ఏడ్చింది. తన కూతురి పెళ్లిచూపులకు వచ్చే నెల ఎవరో వస్తున్నారట. "ఇప్పుడే రాబాక. కోపం చేసుకోబాక. ఆ పని కానీ, తరవాత నేనే పిలుస్తా" అంది. అక్కా అనలేదు, అన్నా అనలేదు. చిన్నప్పటి నుంచీ ఆమె ఏమీ అనదు.

మళ్లీ లోపలికి పోయేటప్పుడు ఇటుకలు మోకాలి ఎత్తుకు వచ్చాయి.

మూడింటి వేళ రొయ్యలు యాభై మిగిలాయి. సుశీల్‌ను వేరుచేస్తూ ఉండమని చెప్పి సమాధానం గది ముందు వైపుకు నడిచారు. అక్కడ రెండు తలుపులూ పక్కపక్కనే ఉన్నాయి. స్త్రీల గది గడియ తీసి లోపలికి అడుగుపెట్టారు. ఎవరూ లేరు. కొత్త సున్నం వాసన. నాలుగు కుళాయిల కింద నేల ఆరి ఉంది. బట్టలతోనే మూడో కుళాయి కింద నిలబడి, నేను ఆడదాన్ని, అని మెల్లగా అన్నారు. గొంతు బాగానే పలికింది. ఇంకోసారి అన్నారు. అబద్ధం చెప్పడం కూడా పనే, చేతికి అలవాటైతే చాలు అనుకున్నారు. రోజుకు రెండుసార్లు స్నానం. ఇంకో ఆరేళ్లు, అరవై నిండేదాకా.

బయటి తలుపు తెరుచుకుంది. రొయ్యపిల్ల తొట్ల దగ్గర పనిచేసే ఇద్దరు అమ్మాయిలు ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ వచ్చారు. సమాధానాన్ని చూసి నవ్వు ఆపేశారు. తిట్టలేదు. కేక వేయలేదు. ఒకమ్మాయి మాత్రం, ఇంకా విప్పని పైట మీదే తువ్వాలు తీసి కప్పుకుంది.

సమాధానం వెనక్కి వచ్చి గడియ పెట్టారు. ఆ చెయ్యి చాలాసేపు గడియ మీదే ఉంది. ఆరేళ్లు కాదు, ఆరు రోజులు కూడా ఆ తువ్వాలును చూడలేరు. ఒడ్డున బట్టలు లాగిన చేతుల మీద కోపం పెట్టుకోవచ్చు. ఈ అమ్మాయి మీద కోపం కూడా రాదు.

"సమాధానం గారూ, ఇదేందో చూడండి" అని సుశీల్ పిలిచాడు.

వాడి అరచేతిలో పెద్ద రొయ్య. ఎర్ర వెలుగులో పొట్ట కనబడుతోంది. ఈతకాళ్ల మొదట్లో ముడి ఉంది. నడకకాళ్ల చివర పలక ఉంది. రెండూ ఉన్నాయి, రెండూ పూర్తిగా లేవు. మీసాలు బారుగా, ఒళ్లు అద్దంలా ఉంది. మంచి కండగల రొయ్య.

ఇలాంటిది తమ పుస్తకాల్లో లేదన్నాడు సుశీల్. ఉంటాయని సమాధానం చెప్పారు. ఇరవై రెండేళ్లలో పదకొండు చూశారు. ఇది పన్నెండోది.

"వాటినేం చేసినారు?"

సమాధానం మూలనున్న బ్లీచింగు బకెట్టు వైపు చూపించారు. దాంట్లో వేసి, లెక్కలు రాసే నల్లబల్ల మీద చనిపోయినవాటి లెక్కలో ఒకటి కలపాలి.

"మీరేనా వేసింది?"

"నేనే. ఏ తొట్టిలో వెయ్యాలో తెలియనిదాన్ని దాంట్లో వెయ్యమన్నారు. ఎందుకని ఎవురూ అడగల్యా, నేనూ అడగల్యా. చెయ్యి దానంతటదే పొయ్యేది."

సుశీల్ రొయ్యను పట్టుకుని బకెట్టు వైపు రెండడుగులు వేసి ఆగాడు. చెప్పమన్నట్టు చూశాడు. సమాధానం మేత కడిగే నల్ల టబ్బు తీసుకొచ్చి, తొట్టి నీళ్లు నింపి, గాలి గొట్టం ఒకటి లాగి దాంట్లో వేశారు. బుడగలు లేచాయి. వాడి చేతిలోంచి రొయ్యను అందుకుని నీళ్లలోకి వదిలారు. అది ఒకసారి టబ్బంతా చుట్టి వచ్చి అడుగున కుదురుకుంది. పైన గోనెపట్టా కప్పారు.

ఎవరైనా అడిగితే ఏం చెప్పాలని సుశీల్ అడిగాడు. ఒక రొయ్య ఉందని చెప్పమన్నారు.

మిగిలిన నలభై చిల్లర రొయ్యల్లో ఒక్కటి కూడా వాడు తప్పు చెప్పలేదు.

నాలుగుంపావుకు బయట కరీముల్లా గొంతు వినిపించింది. గోడ ఇంకా ఎందుకు కాలేదని మస్తానయ్యను అడుగుతున్నాడు. సిమెంటు గట్టిపడలేదని మస్తానయ్య చెబుతున్నాడు. ఆ మాట ఇందాక కూడా ఒకసారి చెప్పాడు. రెండు పక్కలా ఇటుకలు తలుపు ఎత్తుకు లేచాయి. మధ్యలో మాత్రం ఒక మనిషి పట్టే సందును మోకాలి ఎత్తునే వదిలేసి, కలిపిన సిమెంటు మాలునే మళ్లీ మళ్లీ కలుపుతున్నాడు.

సమాధానం చేతులు కడుక్కుని నల్లబల్ల దగ్గరికి వెళ్లారు. రోజూ పని అయ్యాక రొయ్యల లెక్క దాని మీద రాయాలి. సుద్దముక్క నీళ్లలో ముంచి రాశారు. రాసి, ఒకసారి చూసుకుని, సుద్దముక్కను బల్ల అంచు మీద పెట్టారు. టార్చి ఆర్పి సుశీల్ చేతికిచ్చారు.

"రంగు చెదిరితే వెలుతురు తెల్లగా పడి అవి బెదురుతాయి. కావలిలో పాత బస్టాండు ఎదురుగా గాజుల అంగడి ఉండాది. ఆయన ఎవురికని అడుగుతాడు. రొయ్యలకని చెప్పు."

మేనేజరుకు ఏం చెప్పారని వాడు అడిగాడు. సమాధానం గోడ వైపు నడిచారు.

సందులోంచి ఒక కాలు బయటపెట్టి, గోడ పట్టుకుని రెండో కాలు ఎత్తేటప్పుడు మస్తానయ్య చెయ్యి అందించాడు. సిమెంటు చెయ్యి. సమాధానం పట్టుకున్నారు. చెప్పులు తొడుక్కున్నారు. అన్నం గిన్నె సంచిలో పెట్టుకున్నారు.

"యాడికి పోతావన్నా?"

"ఇంకా పొద్దుండాది గదా."

సరుగుడు తోపు మధ్య ఇసుక దారిలో పొడుగాటి మనిషి వెళుతుంటే మస్తానయ్య చూశాడు. ఒకచోట ఆగి సంచి భుజం మార్చుకోవడం చూశాడు. మలుపు తిరిగాక తాపీ అందుకుని, సందు పూడ్చడం మొదలుపెట్టాడు. నాలుగున్నరకు కరీముల్లా వచ్చి గోడ ఫొటో తీసుకున్నాడు. సమాధానం ఏ గది చెప్పారని మస్తానయ్యను అడిగాడు. మస్తానయ్య మాలు కడిగే నీళ్లు పారబోశాడు.

లోపల సుశీల్ బల్ల చదివాడు. మనసులో కూడాడు. తేడా వచ్చింది. పని చివర్లో అలసిపోయి తప్పు రాశారనుకుని, ఎర్ర టార్చి వేసి రెండు తొట్లూ మళ్లీ లెక్కపెట్టాడు. ఆడవీ సరిగానే ఉన్నాయి, మగవీ సరిగానే ఉన్నాయి. మొత్తం దిద్దడానికి సుద్దముక్క తీసుకున్నాడు. అప్పుడు మూలన గోనెపట్టా కింద బుడగల చప్పుడు వినబడింది.

మగవాళ్ల గది తలుపులోంచి కరీముల్లా తల పెట్టి మొత్తం ఎంతని అడిగాడు.

"మూడువందల ఎనభై ఆరు సార్."

కరీముల్లా రాసుకుని వెళ్లిపోయాడు. సుశీల్ సుద్దముక్క బల్ల అంచు మీద, ఉన్నచోటే పెట్టేశాడు.

తడి ఆరి అంకెలు తెల్లగా తేలాయి. ఆడ 197. మగ 188. చనిపోయినవి 0. కింద గీత గీసి, మొత్తం 386. ఇరవై రెండేళ్లకు మిగిలిన ఆ ఒక్కటి, ఏ గడిలోనూ లేకుండా, మొత్తంలో ఉంది.